ఎర్ర గీత దాటి ఏడు వేల కిలోమీటర్లు

ఆ చేపల షెడ్డులో అందరికీ ఆమె పిన్నే. యజమానికి పిన్ని, యజమాని కోడలికీ పిన్నే, వ్యాను తోలే అతనికీ పిన్నే. నిజానికి వ్యాను తోలే అతను ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. "నన్ను పిన్నీ అంటే నీ వయసేమన్నా తగ్గుతుందా అన్నయ్యా?" అని ఒకసారి అడిగిందామె. "తగ్గకపోయినా పెరగదు కదా పిన్నీ" అన్నాడతను. ఆమె నవ్వేసి పనిలో పడింది.

ముప్ఫై రెండేళ్ళుగా ఆమె చేతి పని ఒకటే: రంగు చేపల్ని సంచుల్లో కట్టి విమానానికి పంపడం. సంచి అడుగున రెండు మూలలూ మడిచి టేపు వెయ్యాలి. లేకపోతే చేప మూలకు దూరి ఇరుక్కుంటుంది. ఒక వంతు నీళ్ళు, అందులో చేప, ఆ పైన రెండు వంతులు ఆక్సిజన్. మెడ మెలితిప్పి, వంచి, రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు. ఆమె మణికట్టు మీద గాజులకన్నా రబ్బరు బ్యాండ్లే ఎక్కువ. రోజూ మొదటి ముడికి ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకునేది. "ప్రాణం పోసింది నువ్వు. ముడి వేసేది నేను. నా వంతు నేను సరిగ్గా చేస్తాను, నీ వంతు నువ్వు చూసుకో" అని దేవుడితో చెప్పుకునేది. బతిమాలినట్టు ఉండదు ఆ మాట. పక్క బల్ల మీద పనిచేసే మనిషితో పని పంచుకున్నట్టు ఉంటుంది.

షెడ్డు వెనక ఒక గది ఉంది. అందులో పద్దెనిమిది గాజు తొట్లు. అవి మాత్రం పూర్తిగా పిన్నివి, అంటే యజమానివే కానీ ఆమె పెంచినవి. పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా ఉండే చేపలు. డిస్కస్ అంటారు వాటిని. మహా సుకుమారం. నీళ్ళు కాస్త చల్లబడితే అలుగుతాయి, కాస్త మురికైతే మేత ముట్టవు. వాటి పిల్లలు మొదటి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురు తిని పెరుగుతాయి. ఒంటి నిండా నీలి గీతలు, ఎర్రటి కళ్ళు ఉన్న రకం కావాలని ఆమె ఆరేళ్ళు గుడ్ల దగ్గర నుంచి సాకింది. ఏడో ఏట ఆ రకం నిలిచింది.

వాటిలో ఒకదానికి దొరగారు అని పేరు. తోక మొదట్లో అణా బిళ్ళంత నల్ల మచ్చ. మిగతావి ఈదుతుంటే అది వేడి గొట్టం పక్కన మూలకు చేరి, ఒక వైపుకు ఒరిగి, తీరిగ్గా పడుకుంటుంది. కొత్తవాళ్ళు చూస్తే చచ్చిందనుకుంటారు. మేత పడిన చప్పుడు వినిపిస్తే అందరికంటే ముందు అదే లేస్తుంది.

ఆ గదికి నెలాఖరుతో నూకలు చెల్లేలా ఉన్నాయి. అంత సుకుమారపు చేపల్ని చుట్టుపక్కల ఎవరూ కొనడం లేదు. తొట్లు తీసేసి మేత బస్తాలు పెట్టుకుందామని యజమాని గది కొలిపించాడు కూడా. కొలిచే మనిషి టేపు పట్టుకుని తిరుగుతుంటే పిన్ని తడిగుడ్డ అందుకుంది. తొట్టి అద్దం తుడుస్తూ ఉంది. అదే అద్దం మూడుసార్లు తుడిచింది.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం.

యజమాని కోడలు ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, షెడ్డులోకి కేకేసింది. "పిన్నీ, మామయ్యగారూ, ఒకసారి ఇటు రండి." ఎక్కడో భూమికి అటు పక్కన, జనం చూడటానికి వచ్చే పెద్ద చేపల ప్రదర్శనశాల ఉందట. అక్కడి చేపల డాక్టరు రాశాడు. కోడలు పోయిన నెల ఇంటర్నెట్లో పెట్టిన ఫోటోలు చూశాడట. నీలి గీతల డిస్కస్ నలభై కావాలి. బతికి చేరితే ఏడాదికి రెండుసార్లు తీసుకుంటారు.

"ఏడాదికి రెండుసార్లంటే గది ఉంటుంది" అంది పిన్ని, నెమ్మదిగా.

"గది సంగతి తర్వాత. దూరమెంత?" అన్నాడు యజమాని.

కోడలు రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టింది. "పదకొండు వేల నూట ఎనభై కిలోమీటర్లు."

యజమాని తలుపులోంచి షెడ్డు గోడకేసి చూశాడు. ముగ్గురూ చూశారు.

గోడ మీద పట్టిక ఉంది. యజమాని తండ్రి, అందరూ పెద్దాయన అనుకునే మనిషి, నీలి రంగుతో కుంచె పట్టి రాసింది. ఐదు వందల కిలోమీటర్లకు ఇన్ని నీళ్ళు, ఇంత గాలి. వెయ్యికి ఇంత. రెండు వేలకు ఇంత. అలా నాలుగు వేల దాకా వెళ్ళి, దాని కింద బొటనవేలంత మందాన ఎర్ర గీత. గీత కింద ఒకే మాట: "ఇది దాటి పంపకూడదు." పెద్దాయన పోయి పదకొండేళ్ళయింది. ఆయన కొడుకు ఏటా గోడకు సున్నం వేయిస్తాడు కానీ ఆ పట్టిక చుట్టూ అంగుళం వదిలి వేయిస్తాడు.

"చూశారుగా. గీత దాటి ఏడు వేలు. రాసెయ్యమ్మా, కుదరదని" అన్నాడు.

"ఒక్క రెండు రోజులు ఆగి రాద్దాం మామయ్యగారూ" అంది కోడలు.

"రెండు రోజుల్లో దూరం తగ్గుతుందా?"

"తగ్గదు లెండి. పిన్ని ముఖం చూసి అంటున్నా."

యజమాని చెడ్డవాడు కాడు. పొద్దున్నే స్నానం, పూజ ముగించుకుని, నోట్లో కాఫీ చుక్క పడకముందే షెడ్డుకు వచ్చి, మేత డబ్బా పట్టుకుని తొట్టి తొట్టికీ తిరిగి చిటికెడు చిటికెడు వేసేవాడు. తండ్రి నేర్పిన అలవాటు. నోరు లేని జీవాలు ముందు, మనం తర్వాత అనేవాడట ఆయన. తండ్రి మాట అంటే కొడుక్కి గుండెలో రాసుకున్న మాట. దానికి అర్థం అడగడం కూడా ఆయనకు తోచదు.

పిన్నికి తోచింది. ఆ మధ్యాహ్నం ఆఫీసు గదిలోకి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ దూరం ఎవరు కొలిచారమ్మాయ్? ఆకాశంలో మైలురాళ్ళు పాతారా?"

కోడలు నవ్వింది. బల్ల మీద కమలాపండు ఉంటే తీసుకుని పెన్నుతో రెండు చుక్కలు పెట్టింది. సంచులు కట్టే దారం అడిగి తీసుకుని ఒక చుక్క నుంచి రెండో చుక్కకి బిగించి లాగింది.

"భూమి గుండ్రం కదా పిన్నీ. ఈ రెండు చుక్కల మధ్య దారం బిగించి లాగితే అది ఎటు కూర్చుంటే అదే దగ్గర దారి. పటం చూస్తే తిన్నగా తూర్పుకు పోవాలనిపిస్తుంది. కానీ చూడు, దారం పైకి వంగింది. మంచు ప్రదేశాల మీంచి పోతుంది. ఆ దారం పొడవే ఈ పదకొండు వేల నూట ఎనభై."

"విమానం ఆ దారం మీదే పోతుందా?"

"దాదాపు. గాలిని బట్టి అటూ ఇటూ తప్పుకుంటుంది. వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, పదమూడు గంటల నలభై నిమిషాలు. వచ్చేటప్పుడు ఎదురుగాలి, పదిహేను దాటుతుంది."

పిన్ని కమలాపండును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అవే రెండు చుక్కలు. దూరం ఒకటే. గంటలు మాత్రం పోతే ఒకటి, వస్తే ఒకటి."

"అంతే."

"సంచిలో ఉన్న చేపకు కిలోమీటరు తెలుస్తుందా అమ్మాయ్?"

"అదేం ప్రశ్న?"

"తెలీదు కదా. దానికి తెలిసేది గాలి. గాలి అయిపోయేది గంటల్ని బట్టి. మరి పెద్దాయన కిలోమీటర్లు ఎందుకు రాశాడు?"

అడిగాక తనకే కొంచెం జంకు కలిగింది. ముప్ఫై రెండేళ్ళు ఆ గోడ ఎదురుగా కూర్చుని ముడులు వేసింది. ఒక్కనాడూ ఆ ప్రశ్న రాలేదు. రోజూ చదివే స్తోత్రంలో ఒక మాటకు అర్థం తెలీదని ఏళ్ళ తర్వాత గుర్తొచ్చినట్టయింది. అయితే అర్థం అడిగితే స్తోత్రం చిన్నబోదు. ఆ ధైర్యం ఆమెకుంది.

లేచి వెళ్ళి పాత బీరువా తీసింది. అడుగు అరలో వంకీ తీగకు గుచ్చిన చీటీల కట్టలు ఉన్నాయి. అది పెద్దాయన పెట్టిన పద్ధతి. సంచి ముడి వేసిన గంట ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించాలి. అవతల విప్పినవాళ్ళు విప్పిన గంట రాసి, బతికినవెన్నో రాసి, ఖాళీ పెట్టెతో చీటీ వెనక్కి పంపాలి. వచ్చిన చీటీని పిన్ని తీగకు గుచ్చేది. గుచ్చడమే తప్ప మళ్ళీ చదివిన పాపాన పోలేదు.

కోడలు, పిన్ని కింద చాప వేసుకుని ఆ చీటీలన్నీ విడదీశారు. నాలుగు వేల కిలోమీటర్ల ఊరికి పోయినవి ఇరవై దాకా దొరికాయి. అన్నిటిలోనూ చేపలు బతికే చేరాయి. ముడి నుంచి విప్పడం దాకా ఎంతయిందో కోడలు లెక్కేస్తూ పోయింది. ఇరవై తొమ్మిది గంటలు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. ముప్ఫై.

"నాలుగు వేల కిలోమీటర్లకు ముప్ఫై గంటలా? విమానం నడిచి వెళ్ళిందా పిన్నీ?"

"ఆ రోజుల్లో తిన్నగా పోయే విమానమేదమ్మా. మూడు చోట్ల దించి మూడు చోట్ల ఎక్కించేవాళ్ళు. ఒకచోట సగం పూట ఎండలో పెట్టేసేవాళ్ళు. ఎక్కువ ఆలస్యం నేల మీదే."

ఒక చీటీ విడిగా దొరికింది. నాలుగు వేల ఆరు వందల కిలోమీటర్లు. నలభై ఒక్క గంట. బతికినవి అన్నచోట సున్నా. పిన్ని దాన్ని మిగతావాటితో కలపకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు ఆమెకు గుర్తుంది. పెద్దాయన అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఎర్ర రంగు డబ్బా కొనుక్కొచ్చాడు.

"ఇప్పుడు మన పెట్టె లెక్క చెప్పమ్మాయ్" అంది.

కోడలు కాగితం మీద వేసింది. ఏడింటికి మొదటి ముడి. తొమ్మిదికి విమానాశ్రయం. పన్నెండుకు విమానం. పదమూడు గంటల నలభై నిమిషాల ప్రయాణం. అవతల కాగితాలు చూసి వదలడానికి మూడు గంటలు. ప్రదర్శనశాలకు ఇంకో గంట.

"ఇరవై రెండు గంటల నలభై నిమిషాలు. ఇరవై మూడనుకో."

"అయితే ఎర్ర గీతకు ఇవతలే ఉన్నాం. ఇంకా ఏడు గంటలు మిగులు" అంది పిన్ని. లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది.

యజమాని అంతా విన్నాడు. చీటీలు ఒక్కొక్కటీ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ముఖం మాత్రం విప్పారలేదు.

"నాన్నగారు రాసిన దాన్ని తప్పంటావా పిన్నీ?"

"ఆ మాట నా నోట రాదు బాబూ. ఆయనకు దొరికిన విమానాలకు అది సరైన గీత. ఆయన మనసులో కొలిచింది గంటలు. గోడ మీద రాసింది కిలోమీటర్లు, ఎందుకంటే అప్పట్లో రెండూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. ఇప్పుడు విడిపోయాయి. దేవుడి మాటకైనా అర్థం అడిగే కదా మనం పూజ చేసేది. అడిగినంత మాత్రాన భక్తి తరిగిపోతుందా?"

"మాటలు నీ దగ్గర నేర్చుకోవాలి."

"ముడులు కూడా."

ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "సరే. ముప్ఫై గంటలు సంచిలో బతికించి చూపించు. అప్పుడు ఆలోచిద్దాం."

ఐదు చేపలకు పరీక్ష అని తేల్చుకున్నారు. ప్రయాణానికి ముందు రెండు రోజులు చేపకు మేత పెట్టకూడదు. కడుపు ఖాళీగా ఉంటే సంచిలో నీళ్ళు పాడుకావు. ఐదింటినీ ఒక తొట్టిలోకి మార్చి, దాని మీద సుద్దతో "ఉపవాసం" అని పెద్దక్షరాలు రాసింది పిన్ని. మూడో రోజు, ఆదివారం, తెల్లవారుజామునే ఐదు సంచులు కట్టి, ఒకదానికొకటి కనబడకుండా మధ్యన కాగితాలు దోపి, థర్మోకోల్ పెట్టెలో సర్ది, చీటీ అంటించింది. ముడి: ఉదయం ఐదు. వెళ్ళే చోటు: అటక.

వ్యాను తోలే అతను దాన్ని వ్యానులో పెట్టుకుని గతుకుల దారిలో రెండు గంటలు తిప్పి తెచ్చి, అటక మీదికి ఎక్కించాడు. అప్పట్నుంచి గంటకోసారి వచ్చి అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడిదాకా వెళ్ళాయి పిన్నీ?"

"సముద్రం దాటుతున్నాయి."

ఇంకో గంటకి, "ఇప్పుడో?"

"మంచు కొండలు. నువ్వు టీ తాగి రా, ఈలోపు దిగుతాయి."

"కిటికీ పక్కన సీటు ఇచ్చారా వాటికి?"

"నీలాంటివాడు పక్కన కూర్చుంటాడని వాటికి ఇవ్వలేదట."

మర్నాడు ఐదింటికి, ఇరవై నాలుగో గంటకి, ఆమె టార్చి వేసి మూత కొద్దిగా ఎత్తి చూసింది. ఐదూ మొప్పలు ఆడిస్తున్నాయి. కానీ నీళ్ళు ఆమెకు నచ్చలేదు. కడిగిన బియ్యం నీళ్ళలా మసగ్గా ఉన్నాయి. పదకొండింటికి, ముప్ఫై నిండాక, అందరి ముందూ పెట్టె విప్పింది. మూడు చేపలు నోరు తెరుస్తూ మూస్తూ నిలబడి ఉన్నాయి. రెండు అడుగున పడి ఉన్నాయి.

పిన్ని చచ్చిన చేపల్ని అరచేతిలోకి తీసుకుంది. ఆరేళ్ళ పెంపకం అది. కన్ను చెమ్మగిల్లింది కానీ చూపు సంచి మీదే ఉంది. సంచిని వెలుగుకు ఎత్తి పట్టుకుంది. అడుగున నల్లటి దారప్పోగుల్లా పెంట కనిపించింది. ఐదు సంచుల్లోనూ ఉంది.

రెండు రోజులు పస్తున్న చేపకు ఇంత పెంట ఎక్కడిది?

ఆమె తల తిప్పి ఎవరినీ చూడలేదు. చూడక్కర్లేదు. శుక్రవారం పొద్దునా, శనివారం పొద్దునా మేత డబ్బా ఎవరి చేతిలో ఉందో షెడ్డంతటికీ తెలుసు.

"ఇవి ఉపవాసం ఉండలేదు" అంది. అంతే అంది.

యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నేనే వేశాను పిన్నీ" అన్నాడు చివరికి. "బోర్డు చూశాను. చూసే దాటిపోయాను. కానీ ఐదూ అద్దం దగ్గరికొచ్చి నా వంకే నోళ్ళు తెరిచాయి. మిగతా అందరికీ పెట్టి వీటికి పెట్టకుండా ఎలా పోను? చిటికెడే వేద్దామనుకున్నా. గుప్పెడు పడింది."

"రెండు రోజులూ?"

"రెండు రోజులూ."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో, జాలో ఆమెకే తెలీదు.

పిన్నికి కోపం వచ్చింది. వచ్చినంత వేగంగానే ఎక్కడ దించాలో తెలీక ఆగిపోయింది. దయ చూపించిన మనిషిని ఏమని తిట్టడం? దయ వల్లే రెండు ప్రాణాలు పోయాయని ఆయనకు చెప్పనక్కర్లేదు, ఆయన ముఖమే చెబుతోంది. చేపల్ని తడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

"బాబూ, ఒక మాట చెబుతా విను. గుప్పెడేసి మేత తిని, మురికి నీళ్ళలో, ఇరవై నాలుగు గంటలకు ఐదూ బతికే ఉన్నాయి. నేను నా కళ్ళతో చూశాను. మన ప్రయాణం ఇరవై మూడు. నిజంగా ఉపవాసం ఉన్న చేప ముప్ఫై దాటుతుంది. ఆ మాట నేను చెప్పడం కాదు, మీ నాన్నగారి చీటీలే చెబుతున్నాయి. డాక్టరు రాసిన గురువారం విమానానికి నేను పంపుతాను. ముప్ఫై గంటల దాకా పూచీ నాది."

"ఇంకోసారి పరీక్ష చేసి చూద్దాం."

"టైము లేదు మామయ్యగారూ" అంది కోడలు. "ఈ గురువారం తప్పితే అక్కడ చలి ముదురుతుంది. తర్వాత నాలుగు నెలలు ప్రాణమున్న వాటి పెట్టెలు దించుకోరని డాక్టరు రాశాడు. ఇవాళ సోమవారం. రెండు రోజుల పస్తు, గురువారం కట్టడం. మధ్యలో ఖాళీ లేదు."

యజమాని గోడ వంక చూశాడు. ఎర్ర గీతను కాదు, దానికి పైనున్న నీలి అక్షరాలను చూశాడు, తండ్రి చేతి వంపు ఎక్కడ తిరిగిందో వెతుకుతున్నట్టు. తర్వాత లోపలికి వెళ్ళి మేత డబ్బా తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు.

"గురువారం దాకా నీ దగ్గరే ఉంచు. వెనక గదికి తాళం కూడా వేసుకో. నా చేతిని నేను నమ్మను."

మంగళ, బుధవారాలు ఆయన షెడ్డులో తిరగలేదు. పూజ కాగానే బయటి బల్ల మీద కూర్చుని, కాఫీ కూడా ముట్టకుండా తాళం వేసిన తలుపుకేసి చూసేవాడు. "ఆయనా ఉపవాసం మొదలుపెట్టాడా?" అని వ్యాను తోలే అతను గుసగుసగా అడిగితే, "పెట్టనీ, చేపలకు తోడుంటుంది" అంది పిన్ని. నిజానికి తలుపవతల ఆమెకూ సులువుగా ఏం గడవలేదు. ఆమె లోపలికి వెళ్ళగానే నలభై చేపలూ అద్దానికి వచ్చి ఆనేవి. దొరగారు అయితే మూల వదిలి వచ్చి ఎదురుగా నిలబడి, ఎర్రటి కన్నుతో నిలదీసినట్టు చూసేవాడు. "చూడకు. నీ మంచికే" అని చెప్పి దీపం ఆర్పి వచ్చేసేది. ఆ ఐదింటినీ ఆయన ఎందుకు దాటిపోలేకపోయాడో ఆమెకు అప్పుడు బాగా అర్థమైంది.

గురువారం ఉదయం ఏడింటికి ఆమె కళ్ళు మూసుకుంది. ఆ రోజు దేవుడితో ఎప్పుడూ చెప్పే మాటకు ఇంకోటి కలిపింది: "దూరం సంగతి కూడా నువ్వే చూసుకో, నేను గంటలు చూసుకుంటా." తర్వాత ముడులు మొదలుపెట్టింది. ఒక్కో సంచికి ఒక్కో చేప. ఒక వంతు నీళ్ళు, మూడు వంతులు ఆక్సిజన్. సంచి మీద సంచి. మూలలకు టేపు. కోడలు చీటీలు రాసింది, యజమాని స్వయంగా కాగితాలు మడిచి మధ్యన దోపాడు. పెట్టెకు ఎనిమిది చొప్పున ఐదు పెట్టెలు, మంచు దారి కదా అని మూత లోపల వేడి పొట్లాలు. ఆమె చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. చివరి ముడి ఏడూ యాభైకి పడింది. కానీ చీటీలన్నిటి మీదా ఏడు అనే రాయించింది. "ముందు కట్టినవాడి గాలే ముందు అయిపోతుంది. లెక్క వాడి నుంచే" అంది.

పదకొండున్నరకు విమానాశ్రయం నుంచి వ్యాను తోలే అతను ఫోను చేశాడు. విమానం రెండు గంటలు ఆలస్యం.

యజమాని కుర్చీలోంచి లేచాడు. "వెనక్కి తెప్పించేద్దామా?"

"ఎందుకు?"

"ఆలస్యమంటున్నారుగా."

"ఇరవై మూడుకు రెండు కలిపితే ఇరవై అయిదు. నేను ముప్ఫై చెప్పాను. కూర్చో బాబూ." ఆమె అప్పటికే దగ్గరి ఊరికి పోయే చిన్న చేపల సంచులు కట్టడం మొదలుపెట్టింది. "పెద్దాయన దేన్ని చూసి భయపడ్డాడో అది నలభై ఒకటి. మనం ఇంకా దాని గడప కూడా తొక్కలేదు."

మర్నాడు పొద్దున్న ఎనిమిది దాటాక కోడలి ఫోను మోగింది. అవతల చేపల డాక్టరు. కోడలు అతనితో వాళ్ళ భాషలో మాట్లాడుతూ, మధ్యమధ్యలో వీళ్ళకు చెబుతోంది.

"పెట్టెలు విప్పారట. అన్నిటినీ తొట్టిలోకి వదిలారట. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఇంత శుభ్రంగా వచ్చిన సంచులు ఎప్పుడూ చూడలేదంటున్నాడు. ముప్ఫై తొమ్మిది తిరుగుతున్నాయట."

"ముప్ఫై తొమ్మిదా?" అన్నాడు యజమాని. కుర్చీ అంచుకు జరిగాడు.

"ఒకటి మూలకు చేరి ఒరిగిపోయిందట. కదలడం లేదు. పోయినట్టే అనుకుంటున్నాడు. నలభై బతికితేనే కదా ఒప్పందం అని..."

"ఏ మూల?" అంది పిన్ని.

"ఏ మూలైతే ఏంటి పిన్నీ?"

"అడగమ్మాయ్."

కోడలు అడిగింది. "వేడి గొట్టం పక్కన."

"తోక మొదట్లో నల్ల మచ్చ ఉందేమో చూడమను."

కోడలు అడిగి, ఒక్క నిమిషం ఆగి, తల ఊపింది.

పిన్ని సంచి మెడ మెలితిప్పుతూనే ఉంది. "అది దొరగారు. ఇక్కడా అంతే. ఇంత మేత వెయ్యమను, లేస్తాడు."

కోడలు ఆ మాట ఎలా చెప్పిందో ఏమో. అవతల మాటలు ఆగాయి. అడుగుల చప్పుడు, నీళ్ళ చప్పుడు ఫోనులోంచి ఇక్కడిదాకా వినిపించాయి. యజమాని చేతులు జోడించాడు. ఎవరికి జోడించాడో ఆయనకే తెలీదు, దేవుడికో, తండ్రికో, పదకొండు వేల కిలోమీటర్ల అవతల మేత వేస్తున్న ఆ పేరు తెలియని మనిషికో. ఉన్నట్టుండి అవతల పెద్దగా నవ్వు వినిపించింది.

"లేచాడట" అంది కోడలు. "అందరికంటే ముందు వాడే తిన్నాడట."

"ఎన్ని గంటలయిందో అడుగు. ముడి విప్పిందెప్పుడో."

"మన టైము ఏడూ నలభై. ఇరవై నాలుగు గంటల నలభై నిమిషాలు."

"చీటీ మీద రాసి పంపమను. మర్చిపోవద్దను."

యజమాని ఆ రోజు నీలి రంగు డబ్బా, సన్న కుంచె తెప్పించాడు. గోడ ముందు నిలబడి, "ఏం రాయమంటావు పిన్నీ? గీత చెరిపెయ్యనా?" అని అడిగాడు.

"గీత జోలికి పోకు. అది ఆయన ప్రాణం పెట్టి గీసింది. నాలుగు వేలు అన్నచోట పక్కన ముప్ఫై గంటలు అని రాయి, చాలు. ఆయన అనుకున్నదే అది. రాయడం మర్చిపోయాడంతే."

ఆయన రాశాడు. తండ్రి అక్షరాల పక్కన కొడుకు అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. తర్వాత చెయ్యి తుడుచుకుని, ఏదో అడగలేక ఆమె ముందు నిలబడ్డాడు. పిన్నికి అర్థమైంది. బల్ల కింద నుంచి మేత డబ్బా తీసి ఇచ్చింది. నడుముకు దోపుకున్న వెనక గది తాళంచెవి కూడా ఇచ్చింది.

"లోపల పిల్లలున్నాయి, ఇంకా పెద్దవి కాలేదు. చిటికెడు వెయ్యి" అంది. ఆయన రెండడుగులు వేశాక మళ్ళీ పిలిచింది. "చిటికెడంటే చిటికెడే బాబూ."

"అలాగే పిన్నీ" అన్నాడాయన. కానీ తలుపు తీసే చప్పుడుకే పిల్లలన్నీ అద్దం దగ్గరికి వచ్చి ఉంటాయని ఆమెకు తెలుసు. సగం కట్టిన సంచిని బల్ల మీద ఆనించి, చేతులు తుడుచుకుని, ఆయన వెనకే గదిలోకి నడిచింది.